తాళింపు పరీక్ష

కుందలహళ్ళి,
జూన్ 8

దేవరాజ్ బావకు,

దాము నమస్కారాలు. కవరు చూసి ఎవరో దూది ఆర్డరు పంపారనుకుని ఉంటావు. కాదు, నీ బామ్మర్దినే. ఒకే ఊళ్ళో ఉండి, మెట్రో ఎక్కితే గంటలో మీ ఇంటి దగ్గర మెజెస్టిక్‌లో దిగేవాడు ఉత్తరం రాయడమేంటని నవ్వుకో, పర్వాలేదు. కారణం నీకూ తెలుసు. మనిద్దరికీ ఫోన్లో మాట్లాడటం రాదు. అక్క ఉన్నన్నాళ్ళూ ఫోను అక్క చేతిలోనే ఉండేది. నువ్వు పక్కనుంచి ఏదో అనేవాడివి, అది అక్క నాకు చెప్పేది. నేనన్నది నీకు చెప్పేది. ఇప్పుడు నేను ఫోన్ చేస్తే "తిన్నావా అప్పా?" అంటావు. తిన్నానంటాను. "ఇంగ?" అంటావు. ఆ తర్వాత ఇద్దరం నీ అంగడి ఫ్యాను చప్పుడు వింటూ కూర్చుంటాం. అక్క పోయాక ఈ నాలుగు నెలల్లో మనం మాట్లాడుకున్నదంతా కలిపినా ఒక పాట నిడివి ఉండదు. కాగితం మీదైతే నీకు అలవాటు. ఊరూరి పార్టీలకూ ఉత్తరాలు రాసి చెయ్యి తిరిగినవాడివి.

సరే, అసలు సంగతి. నా పెళ్ళికి నువ్విచ్చిన బుక్‌షెల్ఫ్ స్పీకర్లు మార్చేద్దామనుకుంటున్నాను. కోప్పడకు. వర్తూరు ఇంట్లో బాగానే పాడేవి. కిందటేడు ఈ ఇంటికి మారినప్పటి నుంచి వాటికి ప్రాణం లేదు. పాడేవాళ్ళ గొంతు రెండు స్పీకర్లకూ నడుమ, మన ఎదురుగా కూర్చున్నట్టు వినిపించాలని నువ్వే నేర్పావు కదా. ఇప్పుడది మధ్యలో లేదు. ఎక్కడుందో తెలీదు, గోడల మీద పాకుతున్నట్టుంటుంది. మృదంగం వాయిస్తే బిస్కెట్ డబ్బా మీద కొట్టినట్టుంది. వింతేమిటంటే, ఒక స్పీకరు ఆపేసి ఒక్కదానితో వింటే, రెండింటికన్నా అదే నయం. పాపం వాటికీ వయసైపోయింది.

నా బడ్జెట్టు యాభై వేలు. రివ్యూలు చదివి చదివి కళ్ళు పీకుతున్నాయి. ఒకడు దేవుడన్న స్పీకరును ఇంకొకడు దెయ్యమంటున్నాడు. ఏది కొనాలో నువ్వు చెప్పు.

అర్పిత నిన్ను అడిగినట్టు రాయమంది. చిన్ని, మామ ఎప్పుడొస్తాడంటోంది.

నీ
దాము

*

కాటన్‌పేట,
జూన్ 17

చిరంజీవి దామోదర్‌కు, బావ దేవరాజ్ ఆశీర్వదించి రాసేది.

ఉత్తరం అందింది. పోస్టుమన్ నా చేతికిస్తూ, "మీకు ఇంకా జాబులు వస్తాండాయే" అని ఆశ్చర్యపోయినాడు. మా బామ్మర్ది సాఫ్ట్‌వేరులో పెద్ద ఉద్యోగం, అందుకే చేత్తో రాస్తాడని చెప్పినాను. అతనికి అర్థం కాలేదు, నాకూ కాలేదు.

స్పీకర్లకు వయసైపోయిందని రాసినావు. వాటికన్నా నేను పెద్దవాణ్ణి, జాగ్రత్తగా మాట్లాడు. నాలుగేళ్ళు మా ఇంట్లో ఉండి ఇంజనీరింగు చదివినావు, దూది మూటల మీద పడుకుని మార్కులు తెచ్చుకున్నావు గానీ, చెవి మాత్రం తెచ్చుకోలేదు. ఆ డబ్బాలు విప్పి, లోపల కంపెనీ వాడు పెట్టిన దూది తీసేసి, మన అంగడిలో మేలైన దూది నేను నా చేత్తో కూరినాను. పరుపుకైనా స్పీకరుకైనా దూది ఎక్కువైతే ఊపిరాడదు, తక్కువైతే డొల్ల. ఆ కొలత నాకు తెలుసు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది నీ ఫిర్యాదు.

అయినా అడిగినావు కాబట్టి చెప్తాను. బుక్‌షెల్ఫ్ స్పీకరని పేరు పెట్టి, పుస్తకాల అరలో మాత్రం పెట్టకూడదంటారు. ఆ పేరు పెట్టినవాడి మాటే నమ్మలేం, ఇంక రివ్యూలు రాసేవాళ్ళ మాట నమ్ముతావా? స్పీకరుకు మా ఇంట్లో ఒకటే పరీక్ష ఉండేది. నువ్వు మర్చిపోయినట్టున్నావు. కొత్త జత ఏది తెచ్చినా నేను హాల్లో పాట పెట్టేవాణ్ణి. మీ అక్క వంటింట్లోకి పోయి బాండలిలో నూనె పోసి ఆవాలు వేసేది. ఆవాలు చిటపటలాడుతున్నప్పుడు కూడా పాటలో మాట మాట విడిగా తెలియాలి, అది మొదటి మెట్టు. రెండో మెట్టు ఆమెకు తెలియకుండానే జరగాలి. తాళింపు తిప్పుతూ తిప్పుతూ తానే కూనిరాగం తీయాలి. తీసిందా, ఆ జత ఇంట్లో ఉంటుంది. లేదా, తెల్లారి మునినారాయణప్ప అంగడికి వెనక్కి. నీకిచ్చిన జతకు ఆమె రెండు చరణాలు పాడింది, కరివేపాకు మాడిపోయింది. అంత గొప్ప జత అది. నీ పెళ్ళికి అదే ఇద్దామన్నది కూడా ఆమెనే.

ఏది కొనాలో కాగితం మీద చెప్పేది కాదు. చెవితో కొనాలి. ఆదివారం రా, మునినారాయణప్ప అంగడికి పోదాం. తొందరపడొద్దు. యాభై వేలు నీ జేబులో ఉంటే అరగవు.

అర్పితకు, చిన్నికి ఆశీస్సులు.

దేవరాజ్

*

కుందలహళ్ళి,
జులై 20

బావకు,

నాలుగు ఆదివారాలు కాటన్‌పేట వచ్చాను. కాలేజీలో ఉన్నప్పుడు ఇంత క్రమంగా క్లాసుకు పోయుంటే గోల్డ్ మెడల్ వచ్చేది.

మునినారాయణప్ప గారు నన్ను చూస్తే ఇప్పుడు టీ చెప్పడం మానేశారు, గమనించావా? మొదటి వారం బాదం పాలు, రెండో వారం టీ, పోయిన వారం మంచినీళ్ళు. తప్పు ఆయనది కాదు. ఆయన పెట్టిన ఏ జతను నువ్వు బతకనిచ్చావు? ఒకటి ముక్కుతో పాడుతుందన్నావు. ఒకటి పెళ్ళివారి ఇంట్లో వియ్యపురాలిలా అరుస్తుందన్నావు. నాకు నచ్చిన ఆ ఎర్ర చెక్క జతను, అది స్పీకరు కాదు బీరువా అన్నావు. నేను కార్డు బయటికి తీసినప్పుడల్లా నీకు ఆకలేస్తుంది. ఇద్దరం పోయి దోసె తిని రావడం, ఆ లోపల నా ఉత్సాహం చల్లారడం. దోసెల ఖర్చు కూడా బడ్జెట్టులో కలపాల్సి వచ్చేట్టుంది.

నువ్వు చెప్పినట్టు స్పీకర్ల కింద గ్రానైటు రాళ్ళు వేయించాను. మా ఓనరు చెన్నమ్మ గారు మెట్ల మీద ఎదురై, వీటికి రాళ్ళు కట్టి ఏ చెరువులో వేస్తారని అడిగారు. రాళ్ళు పెట్టడానికి స్పీకర్లు పక్కకు జరిపితే వెనకాల ఏడాది దుమ్ము. దులిపి, ఎలా ఉన్నవి అలాగే పెట్టేశాను. శబ్దంలో మార్పేం లేదు. గొంతు ఇంకా దారి తప్పే ఉంది. ఇంకేం చేయమంటావో రాయి.

పోయిన వారం మీ ఇంట్లో నడవలో అట్టపెట్టెలు కట్టి ఉన్నాయి. అక్క చీరల బీరువా ఖాళీగా ఉంది. అడుగుదామనుకున్నాను, నువ్వు గబగబా చెప్పులేసుకున్నావు. ఏంటవి?

అర్పిత ఇచ్చిన శనగపప్పు పొడి తింటున్నావా, డబ్బా అలంకారానికి పెట్టుకున్నావా?

దాము

*

కాటన్‌పేట,
ఆగస్టు 11

చిరంజీవి దామోదర్‌కు,

పొడి తింటున్నాను. కారం తక్కువ. అర్పితకు చెప్పొద్దు, బాగుందని చెప్పు.

అట్టపెట్టెలు పాత సామాను. ఇల్లన్నాక సామాను సర్దుకోరా?

స్పీకర్ల మాటకొద్దాం. రాళ్ళు పెట్టి చేతులు దులుపుకుంటే కాదు. గోడకు మూర దూరం జరుపు. రెండింటి మధ్య ఎంత దూరం ఉందో, నువ్వు కూర్చునే చోటికీ అంతే ఉండాలి. స్పీకర్ల మొహాలు కాస్త నీ వైపు తిప్పు, వియ్యంకులు మాట్లాడుకుంటున్నట్టు. వారానికొకటి చొప్పున మార్చి, విని, నాకు రాయి. అన్నీ ఒకే రోజు మారిస్తే దేనివల్ల బాగైందో తెలియదు. డాక్టరు కూడా అన్ని మాత్రలూ ఒకేసారి ఇవ్వడు కదా.

కొత్తవి కొనే విషయంలో దసరా డిస్కౌంటుకు ఆశపడొద్దు. డిస్కౌంటులో ఇచ్చేది వాళ్ళు వదిలించుకోవాలనుకున్నదే. జయనగర్‌లో ఇంకో అంగడి ఉందంట, వారాంతానికి ఒక జత ఇంటికిచ్చి విని చూడమంటారంట. వచ్చే నెల అక్కడికి పోదాం. మునినారాయణప్ప మొహం నాకూ కొంచెం కష్టంగానే ఉంది. మొన్న దారిలో కనపడి, "మీ బామ్మర్ది స్పీకరు కొనేదానికి వస్తాండాడా, దోసె తినేదానికి వస్తాండాడా" అని అడిగినాడు. రెండూ అని చెప్పినాను.

ఈ మధ్య సాయంత్రాలు వాన. అంగడి పెందలాడే మూసి ఇంటికొచ్చి, నీ ఉత్తరం మళ్ళీ ఒకసారి చదువుకున్నాను. వియ్యపురాలి మాట నేననలేదు. నువ్వే కల్పించినావు. బాగుంది, ఉండనీ.

దేవరాజ్

*

కుందలహళ్ళి,
సెప్టెంబరు 28

బావకు,

జయనగర్ అంగడివాడు ఇచ్చిన జత వారాంతమంతా మా హాల్లో ఉంది. అంగడిలో నువ్వూ నేనూ కళ్ళు మూసుకుని తలలూపిన జతే. ఇంటికొచ్చాక దానికీ అదే రోగం. గొంతు గోడల మీద పాకుడు, మృదంగం బిస్కెట్ డబ్బా. ఈ ఇంటి గాలిలోనే ఏదో ఉందేమో. చెన్నమ్మ గారు వాస్తు చూపించమన్నారు. చిన్ని మాత్రం కొత్త స్పీకర్ల మీద బొమ్మల పెళ్ళి చేసింది, కాబట్టి పూర్తిగా వృథా పోలేదు. సోమవారం వెనక్కి ఇచ్చేశాను.

నువ్వు చెప్పినట్టు గోడకు మూర దూరం జరిపాను. హాల్లో ఇప్పుడు మనుషులు పక్కకు తిరిగి నడవాలి. అర్పిత అడిగింది, మీరిద్దరూ స్పీకరు కొంటారా లేక ఇలా తిరుగుతూనే ఉంటారా అని. తొందరపడొద్దని బావ చెప్పాడన్నాను. మీ అక్క ఉన్నప్పుడు కూడా ఇన్ని ఆదివారాలు మీరు కాటన్‌పేట పోలేదు కదా అంది.

ఇంతవరకు పొద్దున రాశాను. ఇది మధ్యాహ్నం రాస్తున్నాను.

హిందూపురం నుంచి మీ తమ్ముడు అశ్వత్థప్ప ఫోన్ చేశాడు. అక్క సంవత్సరీకానికి బ్రాహ్మడిని ఇక్కడ మాట్లాడాలా అక్కడ మాట్లాడాలా అని నన్నడిగాడు. హిందూపురంలో ఎందుకు అంటే, అప్పటికి మా అన్న ఇక్కడే ఉంటాడు కదా, కాటన్‌పేట ఇల్లు వదిలేస్తున్నాడు కదా, నీకు తెలీదా అన్నాడు. నాకు తెలీదని చెప్పడానికి సిగ్గేసింది. తెలుసు, గుర్తులేదన్నాను.

స్పీకరు గోడకు ఎంత దూరం ఉండాలో చెప్తావు, మొహం ఏ వైపు తిప్పాలో చెప్తావు. ఊరు వదిలి పోతున్నానని ఒక్క ముక్క చెప్పవు. పాత సామాను అని రాశావు. మేమూ ఆ పాత సామానులోనే ఉన్నామా బావా?

కోపంగానే రాశాను. చించెయ్యకుండా పోస్టు చేస్తున్నాను.

దాము

*

కాటన్‌పేట,
అక్టోబరు 19

చిరంజీవి దామోదర్‌కు,

నీ ఉత్తరానికి జవాబు రాయడానికి ఇన్ని రోజులు పట్టింది. మొదలుపెట్టడం, ఆపేయడం.

అశ్వత్థప్ప చెప్పింది నిజమే. సంవత్సరీకానికి ముందే హిందూపురం పోదామనుకున్నాను. అంగడి భాగస్తునికి అప్పగిస్తాను. ఈ ఇంట్లో ఉండలేకుండా ఉన్నాను, దాము. హాల్లో పాట పెడతాను. వంటింట్లో ఏ చప్పుడూ ఉండదు. పాట ఎంత బాగున్నా బాగుందని చెప్పేవాళ్ళు లేరు. అరగంటకు కట్టేస్తాను.

నీకెందుకు చెప్పలేదంటే, చెప్పే హక్కు ఉందో లేదో తెలియలేదు. మీ అక్క ఉంటే నేను నీకు బావను. మాకు పిల్లలు లేరు. మధ్యలో మనిషి పోయినాక ఇటు నేను, అటు నువ్వు. మనిద్దరి మధ్య చుట్టరికం ఏముంది? నీకు భార్య, బిడ్డ, ఉద్యోగం ఉన్నాయి. మర్యాద కోసం ఏడాది వస్తావు, సంవత్సరీకం దాకా వస్తావు, ఆ తర్వాత నిదానంగా మానేస్తావు. అందులో నీ తప్పేం ఉండదు, లోకంలో జరిగేదే. అలా మానేసేది చూడకముందే నేనే పోతే మేలనుకున్నాను.

పోయేముందు ఒక సంగతి చెప్పాలి. చెప్పకుండా పోతే మునినారాయణప్ప నన్ను క్షమించడు. జూన్‌లో నీ మొదటి ఉత్తరం చదివిన నిమిషంలోనే నీ స్పీకర్లకు ఏమైందో నాకు తెలుసు. వాటికి ఏమీ కాలేదు. ఇల్లు మారినప్పుడు నువ్వు ఒక స్పీకరుకు తీగలు తిరగేసి పెట్టినావు. ఎర్రది నల్లదాంట్లో, నల్లది ఎర్రదాంట్లో. అలా పెడితే ఒక స్పీకరు ముందుకు తోసేటప్పుడు రెండోది వెనక్కి లాగుతుంది. ఒకదాన్ని ఒకటి మింగేస్తాయి. అందుకే గొంతు మధ్యలో నిలవదు, మృదంగానికి బరువుండదు, ఒక్కటే పాడితే నయమనిపిస్తుంది. చిన్నపిల్లలకు కూడా చెప్పే పాఠం ఇది. జయనగర్ జత మీ ఇంట్లో పాడకపోవడానికీ అదే కారణం.

ఒక కార్డు ముక్క రాసుంటే అయిపోయేది. నువ్వు తీగ తిప్పుకుని, థాంక్స్ బావా అని ఒక జవాబు రాసి, దానితో సరి. అందుకే రాయలేదు. గ్రానైటు రాళ్ళన్నాను, గోడకు మూరన్నాను. నువ్వు రాస్తున్నావు, ఆదివారం వస్తున్నావు. దోసె నాకు ఆకలై తినలేదు, నువ్వు కొనేస్తావేమోనని భయపడి తిన్నాను.

ఇప్పుడు పోయి తీగ తిప్పుకో. యాభై వేలు మిగిలినట్టే. చిన్నికి ఏదైనా కొనిపెట్టు.

దేవరాజ్

*

కుందలహళ్ళి,
అక్టోబరు 26

బావకు,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. అర్పిత చేత చదివించాను. ఆమె కళ్ళు తుడుచుకుని, తర్వాత నవ్వి, మీ ఇద్దరినీ ఒకే డబ్బాలో పెట్టి దూది కూరాలి అంది.

జులైలో గ్రానైటు రాళ్ళు పెట్టడానికి స్పీకర్లు పక్కకు జరిపానని రాశాను. వెనకాల దుమ్ము దులిపానని రాశాను. దుమ్ము కింద ఏం కనపడిందో రాయలేదు. ఎడమ స్పీకరుకు ఎర్ర తీగ నల్ల స్క్రూలో ఉంది. నీ దగ్గర నాలుగేళ్ళున్నవాణ్ణి, ఆ మాత్రం తెలీదా? తిప్పాను. పాట పెట్టాను. గొంతు వచ్చి సరిగ్గా నా ఎదురుగా కూర్చుంది. అంత బాగుంది. వెంటనే నీకు రాద్దామని కాగితం తీశాను, "బావా, దొరికింది" అని రాశాను. ఆ రెండు మాటల తర్వాత ఇంకేం రాయాలో తోచలేదు. బాగైపోయాక నీకు రాయడానికి నా దగ్గర ఏముంది? ఆదివారం ఏమని రావాలి? ఊరికే వచ్చానంటే నువ్వు "తిన్నావా, ఇంగ?" అంటావు.

అందుకని లేచి పోయి, తీగ మళ్ళీ తిరగేసి పెట్టాను. ఎలా ఉన్నవి అలాగే పెట్టేశానని రాసింది అబద్ధం కాదు.

అప్పటి నుంచి ఈ ఇంట్లో ఆ బిస్కెట్ డబ్బా మృదంగమే వింటున్నాం. జయనగర్ జతకు కూడా శ్రద్ధగా, చూసుకుని మరీ, తప్పుగా తగిలించాను. నీకు రాసేటప్పుడు అబద్ధం రాయకూడదు కదా. చెవులకు ఇంత శిక్ష ఏ బామ్మర్దీ బావ కోసం వేసుకుని ఉండడు. నువ్వేమో అన్నీ తెలిసి కూర్చుని, మొహాలు వియ్యంకుల్లా తిప్పమన్నావు.

చుట్టరికం ఏముందని అడిగావు. బామ్మర్ది బతకగోరు, దాయాది చావగోరు అని అక్క నిన్ను ఏడిపించేటప్పుడు ఎన్నిసార్లు అనేది? అక్క ఉంటేనే ఆ సామెత చెల్లుతుందని ఎక్కడా లేదు. కాలేజీ ఫీజు కట్టింది నువ్వు, తలనొప్పొస్తే దూది మూటల మధ్యనుంచి లేపి కాఫీ తాగించింది నువ్వు. అక్క అన్నం పెట్టింది, నిజమే. పాట వినడం నేర్పింది నువ్వు. అది నాకు అక్క ఇచ్చిన చుట్టరికం కాదు. నువ్వు దూరంగా పోతే నాకు బాధగా ఉంటుంది. మర్యాదకు చెప్పడం లేదు.

మా బిల్డింగులో కింద ఒక గది, వంటిల్లు ఉన్న పోర్షను జనవరిలో ఖాళీ అవుతోంది. చెన్నమ్మ గారితో మాట్లాడాను. మా దగ్గరికి వచ్చి ఉండమంటే నువ్వు రావని తెలుసు, బామ్మర్ది ఇంట్లో ఉండే మనిషివి కాదు. ఇది నీ ఇల్లు, నీ అద్దె, నీ తాళం. మెట్రోలో అంగడికి పోయి రావచ్చు, అంగడి ఎవరికీ ఇవ్వక్కర్లేదు. అడ్వాన్సు మాత్రం నేను ఇచ్చేశాను. నాకు పెళ్ళినాడు ఇచ్చిన స్పీకర్లు బాగానే ఉన్నాయని తేలింది కాబట్టి, కొత్తవాటి డబ్బు అలా ఖర్చయింది. తిట్టాలంటే వచ్చి తిట్టు.

ఎడమ స్పీకరు తీగ ఇంకా తిరగేసే ఉంది. నేను తిప్పను. అర్పితను ముట్టుకోవద్దన్నాను. నువ్వొచ్చి తిప్పేదాకా అలాగే ఉంటుంది.

నీ
దాము

*

కాటన్‌పేట,
నవంబరు 3

దాము,

కార్డు మీద రాస్తున్నాను, కవరు కొనే ఓపిక లేదు. ఆదివారం వస్తాను. పోర్షను చూస్తానని మాత్రమే చెప్తున్నాను, ఉంటానని చెప్పడం లేదు. తీగ ఎవరూ ముట్టుకోవద్దు. అర్పితను ఆవాలు సిద్ధంగా పెట్టుకోమని చెప్పు.

దేవరాజ్

*

కుందలహళ్ళి, పై అంతస్తు,
మార్చి 15

కింది పోర్షను దేవరాజ్ బావకు,

ఈ చీటీ నీ తలుపు కింద తోస్తున్నాను. లోపల నువ్వు ఫ్యాను వేసుకుని పేపరు చదువుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది, పిలవొచ్చు, కానీ పిలిస్తే "తిన్నావా?" అంటావు.

ఒక ఫిర్యాదు. నిన్నటి నుంచి స్పీకర్లు మళ్ళీ అదోలా ఉన్నాయి. గొంతు మధ్యలో లేదు. మృదంగం డబ్బా అయిపోయింది. నాలుగు నెలలు బంగారంలా పాడినవి, హఠాత్తుగా ఏమైందో తెలియడం లేదు. కొత్త జత కొనాల్సి వస్తుందేమో. ఏం చేయమంటావు?

దాము

*

కుందలహళ్ళి, కింది పోర్షను,
అదే రోజు

చిరంజీవి దామోదర్‌కు, బావ రాసేది.

చీటీ అందింది. చిన్ని ఈ జవాబు తెస్తుంది. దారిలో చదవొద్దని చెప్పినాను, చదివే ఉంటుంది.

నీకెప్పుడూ చెప్పలేదు, ఇప్పుడు రాస్తాను. ఎదురుగా ఉంటే మళ్ళీ తిన్నావా అనే అడుగుతాను. నవంబరులో ఆ ఆదివారం నేను తీగ తిప్పి పాట పెట్టినప్పుడు నువ్వు సోఫాలో కళ్ళు మూసుకున్నావు. నేను కళ్ళు మూసుకోలేదు. వంటింటి వైపే చూస్తున్నాను. అర్పిత నూనెలో ఆవాలు వేసింది. అవి చిటపటలాడినాయి. మొదటి చరణం పోయింది, ఏమీ లేదు. సరేలే, ఆమెకు ఈ సంగతులేం తెలుసు, పైగా పరీక్ష అని ముందే చెప్పి పాడు చేసుకున్నామనుకున్నాను. రెండో చరణంలో కూనిరాగం వినిపించింది. అర్పిత నోరు మూసుకునే ఉంది. పాడుతున్నది చిన్ని, గట్టు కింద నేల మీద కూర్చుని బొమ్మకు జడ వేస్తూ. ఎవరూ చెప్పని పిల్ల, పరీక్ష సంగతి తెలియని పిల్ల. ఫోన్ వచ్చిందని నేను వాకిట్లోకి పోయినాను కదా, ఫోనేం రాలేదు. పోర్షను తీసుకుంటానని చెన్నమ్మ గారితో ఆ వాకిట్లోనే చెప్పినాను.

పోయిన నెల సంవత్సరీకం నాడు అశ్వత్థప్ప కింద అంతా తిరిగి చూసి, "హిందూపురంలో ఇంతకన్నా పెద్ద గది ఇస్తాంటినే అన్నా" అన్నాడు. అక్కడ తాళింపు వినపడదని చెప్పినాను. అతనికి అర్థం కాలేదు. ఇక్కడ నా మంచం మీద పడుకుంటే పైన ఆవాలు వేసేది తెలుస్తుంది. అర్పితకు ఇప్పుడు కారం సరిగ్గా కుదురుతోంది, ఈ మాట నిజంగానే చెప్పు.

ఇంక నీ స్పీకర్ల సంగతి. ఆడలేక మద్దెల ఓడు. రాళ్ళు సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకో. గోడకు మూర దూరం ఉందో లేదో కొలుచుకో. కొత్తవి కొనడానికి తొందరపడొద్దు, ఆదివారం మునినారాయణప్ప దగ్గరికి పోదాం, దారిలో దోసె తిందాం. నిన్న మీరంతా బయటికి పోయినప్పుడు చెన్నమ్మ గారి దగ్గర తాళం తీసుకుని పైకెవరో పోయినారంట. ఎవరో నాకు తెలియదు. ఎడమ వైపు తీగ మాత్రం ఒకసారి చూసుకో.

దేవరాజ్